ప్రతిపక్షం నోటికి తాళం

శాసనసభ నడిచే ఏ భవనానికి వెళ్లినా మనకు రెండు చోట్లు కనపడతాయి. ఒకటి సభామందిరం. రెండవది ఆ మందిరం చుట్టూ ఉండే నడవా. సభలో ఎవరేమన్నా పొట్టి రాతగాళ్లు రాసుకుంటారు, మర్నాడు పత్రికలో అచ్చవుతుంది. నడవాలో అనుకున్న మాటను ఎవరూ రాసుకోరు. ఆ నడవానే ఇంగ్లీషువారు లాబీ అన్నారు. అక్కడ నిలబడి, వచ్చేపోయే సభ్యుడి చేయి పట్టుకుని తమ పని చెప్పుకునే పద్ధతికి లాబీయింగ్ అని పేరు వచ్చింది.

పని చెప్పుకోవడం తప్పు కాదు. కాలువ నీరు రావడం లేదని రైతు ఎమ్మెల్యే ఇంటిముందు కూర్చున్నా అది లాబీయింగే. చేయి పట్టుకున్నవాడి రెండవ చేతిలో సంచీ ఉన్నప్పుడే చిక్కంతా.

ఆ సంచీ అధికారపక్షానికి ఎందుకు చేరుతుందో పలకా బలపం పట్టిన పిల్లవాడు కూడా చెప్పగలడు. వారి చేతిలో కలం ఉంటుంది. ఆ కలంతో టెండరు ఇవ్వగలరు, భూమి ఇవ్వగలరు, బిల్లు చెల్లించగలరు. అయితే ప్రతిపక్షానికి కూడా సంచీ చేరుతుంది. ఫైలు మీద సంతకం పెట్టే హక్కు లేనివాడికి డబ్బెందుకు ఇస్తారు? దానధర్మమా? వ్యాపారం చేసేవారికి దానం చేయవలసి వస్తే గుడి ఉంది, బడి ఉంది. ప్రతిపక్షానికి ఇచ్చారంటే అక్కడ కూడా కొనదగిన సరుకేదో ఉన్నదన్నమాట.

ఆ సరుకు పేరు మౌనం. అధికారపక్షం దగ్గర కొనేది సంతకం, ప్రతిపక్షం దగ్గర కొనేది మౌనం. సంతకం కాగితం మీద మిగిలిపోతుంది కనుక ఎప్పటికైనా దొరుకుతుంది. మౌనానికి ఆనవాలు ఉండదు. అందువల్ల ఈ రెండవ బేరం మొదటిదానికంటె చౌక, క్షేమం కూడా.

బస్తాకు కిలో

నేను ఉండేది సుల్తానాబాద్‌లో. కరీంనగర్ నుంచి పెద్దపల్లి పోయే రాజీవ్ రహదారి మీద ఉంటుంది. 2016లో జిల్లాలు చీల్చినప్పుడు కరీంనగర్ జిల్లా నుంచి పెద్దపల్లి జిల్లాకు వచ్చాం. మా చుట్టుపక్కల పండేది వరి. అందుచేత మా దగ్గర బియ్యం మిల్లులకు కొదవ లేదు. కోతల కాలంలో రోడ్డుకు ఒక పక్కన వడ్లు ఆరబోసి ఉంటాయి, రెండవ పక్కన లారీలు బారులు తీరి ఉంటాయి.

వడ్లను ఊరి కొనుగోలు కేంద్రంలో ప్రభుత్వం తరఫున తూకం వేసి మిల్లుకు పంపుతారు. మిల్లువారు క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం లెక్కకట్టి ప్రభుత్వానికి తిరిగి అప్పజెప్పాలి. కాగితం మీద ఇంత తేలిక. అయితే తూకం దగ్గర తరుగు అనేది ఒకటి ఉన్నది. తాలు ఉందనీ, తేమ ఉందనీ, మట్టి ఉందనీ 40 కిలోల బస్తాకు కిలో, రెండు కిలోలు ఎక్కువ తూచడం మా ప్రాంతపు రైతులకు ఏటా ఉండే గోడు. ఏ కాలం ప్రభుత్వమైనా ఈ గోడు మారలేదు.

పాఠకులు విసుగుచెందకుండా ఒక్క చిన్న లెక్క చూడాలి. 2024-25లో ఏ-గ్రేడు వడ్లకు మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. బస్తాకు ఒక్క కిలో తరుగు పోతే క్వింటాలుకు రెండున్నర కిలోలు, అంటే 58 రూపాయలు. ఎకరాకు 25 క్వింటాళ్లు పండాయనుకుందాం. ఎకరాకు 1,450 రూపాయలు. నాలుగెకరాల రైతుకు 5,800. ఊరికి వెయ్యి ఎకరాల వరి ఉంటే ఒక్క పంటలో పద్నాలుగున్నర లక్షలు. ఇది కిలో లెక్క. రెండు కిలోలైతే రెట్టింపు.

ఇప్పుడు ప్రతిపక్షం సంగతికి వద్దాం. కోతలు మొదలైన వారం అధికారంలో లేని పార్టీ నాయకుడు కొనుగోలు కేంద్రానికి వస్తాడు. గుప్పెడు వడ్లు చేతిలో పోసుకుని ఫోటో దిగుతాడు. తరుగు తీస్తే ఊరుకునేది లేదంటాడు, రోడ్డు మీద బైఠాయిస్తాడు. మరుసటి వారం ఆ మాట ఎత్తడు. ఆ నడుమ ఏమి జరిగింది? ఫలానా మిల్లు, ఫలానా నాయకుడు అని చెప్పే ఉద్దేశం నాకు లేదు, ఆ అవసరమూ లేదు. ఇది ఏ పార్టీ ప్రతిపక్షంలో ఉన్నా, ఏ ఊళ్లోనైనా జరగగల కథ. మండపానికి చందా అడిగినప్పుడు, పార్టీ సభకు లారీలు కావలసి వచ్చినప్పుడు, ఎన్నికల నాటికి చేతిలో పైసలు ఆడనప్పుడు ఊళ్లో ఎవరి గుమ్మం తొక్కుతారో వారి మీద మరునాడు గొంతెత్తడం ఎవరికైనా కష్టమే.

పద్నాలుగున్నర లక్షల మీద నిలబడ్డ మౌనం ఖరీదు ఒక లక్ష అనుకోండి. కొన్నవారికి ఎంత లాభం! అమ్మినవారికి ఎంత నష్టం! ఆ నష్టం నాయకుడిది కాదు కనుకనే బేరం అంత సులువుగా కుదురుతుంది. రైతు సొమ్ముతో రైతు తరఫున అరవవలసిన నోరును మూయించడం ఇది.

ఒకనాడు టీ హోటలు దగ్గర ఈ ముచ్చటే నడుస్తుంటే పక్కనున్న ఒక ముసలి రైతు నాతో, "మొరిగే కుక్కను కొడితె ఊరంత లేస్తది బిడ్డా. బొక్కేస్తె సప్పుడుండది" అన్నాడు. రాజనీతి శాస్త్రంలో ఈ విషయం మీద ఇంతకంటె క్లుప్తమైన వాక్యం నేను చదవలేదు.

పధ్నాలుగు ఓట్ల కొరత

మా జిల్లాలోనే మంథని ఉన్నది. 1957 నుంచి 1977 దాకా మంథని నుంచి శాసనసభకు వెళ్లినవారు పి.వి. నరసింహారావుగారు. ఆ కాలంలోనే ఆయన ముఖ్యమంత్రి అయ్యారు, తరువాత ప్రధానమంత్రి అయ్యారు. ప్రతిపక్ష సభ్యుల మౌనం ఖరీదు దేశానికి మొదటిసారి అంకెల్లో తెలిసింది ఆయన హయాంలోనే కావడం మా ప్రాంతానికి కొంచెం ఇబ్బందికరమైన సంగతి.

1993 జులైలో ఆయన ప్రభుత్వం మీద లోక్‌సభలో అవిశ్వాస తీర్మానం వచ్చింది. సభలో కాంగ్రెసు బలం 251. గట్టెక్కడానికి 14 ఓట్లు తక్కువ. జులై 28న ఓట్లు లెక్కపెడితే తీర్మానానికి అనుకూలంగా 251, వ్యతిరేకంగా 265 వచ్చాయి. ప్రభుత్వం నిలిచింది. ఝార్ఖండ్ ముక్తి మోర్చాకు చెందిన సభ్యులు డబ్బు తీసుకుని ప్రభుత్వం పక్షాన ఓటు వేశారని తరువాత కేసు నడిచింది.

ఆ కేసు 1998లో సుప్రీంకోర్టులో ఒక విచిత్రమైన మలుపు తిరిగింది. రాజ్యాంగంలోని 105వ అధికరణం ప్రకారం సభలో ఇచ్చిన మాటకూ, వేసిన ఓటుకూ సభ్యుణ్ణి ఏ కోర్టూ ప్రశ్నించకూడదు. అందుచేత డబ్బు తీసుకుని ఆ ప్రకారం ఓటు వేసినవారికి రక్షణ ఉన్నదనీ, డబ్బు తీసుకున్నాడన్న అభియోగం ఉండి ఓటు వేయకుండా ఊరుకున్నవాడికి రక్షణ లేదనీ ముగ్గురు న్యాయమూర్తులు తేల్చారు. ఇద్దరు విభేదించారు. లంచం పుచ్చుకుని పని చేసి పెట్టినవాడు క్షేమంగా ఇంటికి పోవచ్చు, చేయనివాడు బోనెక్కాలి! నరసింహారావుగారికి 2000లో ప్రత్యేక న్యాయస్థానం శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టివేసి ఆయనను నిర్దోషి అన్నది. 1998 నాటి ఆ తీర్పు తప్పని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న ఏకగ్రీవంగా చెప్పింది. అంటే ఇరవయ్యారేళ్లపాటు ఈ దేశంలో సభ్యుడు తన ఓటు అమ్ముకుని, బేరం ప్రకారం వేసి, చట్టం దృష్టిలో క్షేమంగా ఉండగలిగాడు.

అయినా ఆ రోజుల బేరంలో ఒక విధమైన నిజాయితీ ఉన్నదని చెప్పుకోవాలి. మనిషి ఉన్నాడు, సొమ్ము ఉన్నది, తేదీ ఉన్నది. పాపం పాపంలాగానే కనపడింది. తరువాత వచ్చిన పద్ధతుల్లో ఈ ఆనవాళ్లు కూడా ఉండవు.

ఇద్దరూ ఒకే పడవలో

విదేశీ సంస్థల నుంచి పార్టీలు చందాలు తీసుకోరాదని 1976లోనే చట్టం వచ్చింది. వేదాంత సంస్థకు చెందిన కంపెనీల నుంచి కాంగ్రెసు, భారతీయ జనతా పార్టీ రెండూ విరాళాలు తీసుకున్నాయని ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడింది. వేసినవారిలో ఒకరు మన తెలుగువారే, విశాఖపట్నానికి చెందిన మాజీ ఐ.ఏ.ఎస్. అధికారి ఇ.ఎ.ఎస్. శర్మగారు. రెండు పార్టీలూ చట్టాన్ని అతిక్రమించాయని 2014 మార్చి 28న కోర్టు చెప్పింది.

అప్పుడు కాంగ్రెసు అధికారంలో ఉన్నది. రెండు నెలలు తిరక్కుండా భారతీయ జనతా పార్టీ అధికారంలోకి వచ్చింది. నిన్నటి పాలకులు ఇవాళ్టి ప్రతిపక్షం. ఇటువంటి తీర్పు చేతికి వస్తే అధికారపక్షాన్ని సభలో నిలవనివ్వకుండా చేయవచ్చును. కాని ఒక చిక్కు. ఆ తీర్పులో తమ పేరూ ఉన్నది. తిలా పాపం తలా పిడికెడు.

2016లో చట్టాన్ని వెనుకటి తేదీ నుంచి వర్తించేటట్టు మార్చారు. అది చాలలేదు. 2018 ఆర్థిక బిల్లులో ఒక సవరణ పెట్టి ఆ తేదీని 1976 ఆగస్టు 5 దాకా వెనక్కు జరిపారు. నలభై రెండేళ్ల చందాలు ఒక్క దెబ్బతో కడిగిన ముత్యాలయ్యాయి. ఈ బిల్లును 2018 మార్చి 14న లోక్‌సభ చర్చ లేకుండా ఆమోదించింది.

చర్చ ఎందుకు లేదు? సభలో గందరగోళం. ఆ గందరగోళం చేస్తున్నవారిలో మన తెలుగు సభ్యులు ముందున్నారు. తెలుగుదేశంవారు, వై.ఎస్.ఆర్. కాంగ్రెసువారు ప్రత్యేక హోదా కోసం, తెలంగాణ రాష్ట్ర సమితివారు రిజర్వేషన్ల కోసం అట్టలు పట్టుకుని నిలబడ్డారు. వారు అడిగినవాటిలో న్యాయం లేదని నేననను. అయితే ఆ అరుపుల నడుమ, దేశంలోని పెద్ద పార్టీల చందాల పద్దును తుడిచివేసే సవరణ సాఫీగా గట్టు దాటింది. కాంగ్రెసు ఆనాడు వేరే విషయం మీద అరిచింది, దీని మీద అరవలేదు. అరవడానికి నోరు ఉన్నది, అరిస్తే తన పళ్లే రాలే పరిస్థితి ఉన్నది.

ఇక్కడ ఎవరూ ఎవరికీ మౌనం కోసం డబ్బివ్వలేదు. ఇద్దరూ ఒకే చేతి ఉప్పు తిన్నారు. అదే చాలింది.

ఒకే చేయి, అనేక సంచులు

ఆ పద్ధతికి చట్టం పట్టుబట్టలు కట్టినది ఎన్నికల బాండ్ల పథకం. 2017లో ప్రకటించి 2018లో మొదలుపెట్టారు. కంపెనీ స్టేట్ బ్యాంకుకు వెళ్లి బాండు కొంటుంది, పార్టీకి ఇస్తుంది, పార్టీ మార్చుకుంటుంది. ఎవరు ఎవరికిచ్చారో జనానికి తెలియదు. కంపెనీ తన లాభంలో ఏడున్నర శాతానికి మించి ఇవ్వరాదన్న పాత కట్టడిని కూడా 2017లోనే తీసివేశారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ పథకం రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసేనాటికి 16,518 కోట్ల రూపాయల బాండ్లు అమ్ముడుపోయాయి. ఆ మార్చిలో జాబితాలు బయటికి వచ్చాయి.

దేశంలో బాండ్లు కొన్నవారిలో రెండవ స్థానంలో ఉన్నది మన హైదరాబాదు కంపెనీ మేఘా ఇంజనీరింగ్. కొన్నది 966 కోట్లకు. ఇందులో భారతీయ జనతా పార్టీకి సుమారు 584 కోట్లు, భారత రాష్ట్ర సమితికి 195 కోట్లు, తమిళనాట డి.ఎం.కె.కు 85 కోట్లు, వై.ఎస్.ఆర్. కాంగ్రెసుకు 37 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 25 కోట్లు, కాంగ్రెసుకు సుమారు 17 కోట్లు చేరాయి. అదే సముదాయానికి చెందిన మరో కంపెనీ పేరున కాంగ్రెసుకు 110 కోట్లు, భారతీయ జనతా పార్టీకి 80 కోట్లు వెళ్లాయి.

పాఠకులు ఈ జాబితాను మళ్లీ ఒకసారి చదవాలని మనవి. తెలంగాణలో ఆనాటి అధికారపక్షం, దానికి ప్రతిపక్షాలైన రెండు పార్టీలు, ఆంధ్రప్రదేశ్‌లో అధికారపక్షం, ప్రతిపక్షం, ఢిల్లీలో పాలకులు, వారితో తలపడేవారు, అందరూ ఇందులో ఉన్నారు. పేకాటలో అన్ని చేతులకూ పెట్టుబడి పెట్టినవాడికి ఎవరు గెలిచినా ఒకటే. ఇలా ఇవ్వడం ఆనాటి చట్టానికి విరుద్ధం కాదు. ఈ సొమ్ముకు బదులుగా ఫలానా పార్టీ ఫలానా పని చేసి పెట్టిందని ఏ కోర్టులోనూ రుజువు కాలేదు. ఇచ్చిపుచ్చుకోవడాల మీద ప్రత్యేక దర్యాప్తు జరపాలన్న వినతిని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. ఈ మాటలు చెప్పకుండా కథ చెప్పడం న్యాయం కాదు.

ఈ కథకూ మా జిల్లాకూ ఉన్న సంబంధం కాళేశ్వరం. మేడిగడ్డ దగ్గర ఎత్తిన గోదావరి నీరు అన్నారం, సుందిళ్ల దాటి, ఎల్లంపల్లికి వచ్చి, అక్కడినుంచి మా నంది మేడారం మీదుగా రామడుగు దగ్గరి లక్ష్మీపూర్ భూగర్భ పంపుహౌసుకు పోయి మిడ్ మానేరులో పడాలి. ఒక్కొక్కటి 139 మెగావాట్ల మోటార్లు ఏడింటితో ఆ లక్ష్మీపూర్ పంపుహౌసును కట్టినది ఈ కంపెనీయే. 2019 జూన్ 21న ప్రాజెక్టు ప్రారంభమైంది. 81,911 కోట్లు అనుకున్నది 1,47,427 కోట్లు దాటవచ్చునని కాగ్ నివేదిక 2024 ఫిబ్రవరిలో చెప్పింది. అంతకుముందే 2023 అక్టోబరు 21న మేడిగడ్డ బరాజు కుంగింది. ఆ బరాజు కట్టినది వేరే కంపెనీ.

ప్రతిపక్షంలో ఉండగా కాంగ్రెసు, భారతీయ జనతా పార్టీ కాళేశ్వరం మీద మాట్లాడలేదా అంటే, మాట్లాడాయి, గట్టిగానే మాట్లాడాయి. కంపెనీ పేరు పెట్టి తిట్టినవారూ ఉన్నారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారడానికి ఆ మాటలూ ఒక కారణమే. జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ విచారణ సంఘం వేశారు, 2025 జులై 31న నివేదిక వచ్చింది. పోరాటం లేదనడానికి వీలులేదు.

కాని బాండ్ల జాబితా వచ్చిన వారం నేను పత్రికలు శ్రద్ధగా చదివాను. ప్రతి పార్టీవారూ ఎదుటి పార్టీ పేరు పక్కనున్న అంకె చదివారు. తమ పేరు పక్కనున్న అంకె చదివి, "ఇది మేము తీసుకున్నాము, ఇందుకోసం తీసుకున్నాము" అని చెప్పినవారు నాకొక్కరూ కనపడలేదు. బాణాలన్నీ మనిషి మీదికి పోయాయి, పద్ధతి మీదికి ఒక్కటీ పోలేదు. ఎదుటి నాయకుణ్ణి దించడానికి జరిగే పోరాటం వేరు, కాంట్రాక్టు ఏ ధరకు ఎందుకిచ్చారని చివరిదాకా అడిగే పోరాటం వేరు. మొదటిదానికి చందా అడ్డురాదు. రెండవదానికి వస్తుంది.

కుర్చీ వెంట కాసులు

ఇంకొక అంకె చూస్తే ఈ డబ్బు స్వభావం తెలుస్తుంది. బాండ్ల ద్వారా దేశమంతా ఉన్న కాంగ్రెసుకు వెయ్యి కోట్లకు పైగా వచ్చాయి. ఒక్క తెలంగాణలో ఉన్న భారత రాష్ట్ర సమితికి కూడా వెయ్యి కోట్లకు పైగా వచ్చాయి. 2023-24లో ఆ పార్టీకి బాండ్లతో కలిపి అందిన చందాలు సుమారు 580 కోట్లు. అధికారం పోయాక 2024-25లో పదిహేను కోట్ల దరికి పడిపోయాయి. సిద్ధాంతం చూసి ఇచ్చిన చందా అయితే ఒక్క ఏడాదిలో ఇలా ఎండిపోదు. ఆ చందా కుర్చీకి ఇచ్చినది.

ఇందులో ప్రతిపక్షానికి వచ్చే చిక్కు ఏమిటంటే, ఓడిన పార్టీకి చేయి ఎండిపోతుంది, అవసరం మాత్రం పెరుగుతుంది. ఆఫీసు నడపాలి, కార్యకర్తను నిలుపుకోవాలి, ఎన్నికకు సిద్ధం కావాలి. శాసనసభ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు చేయరాదని నియమం ఉన్నది, పార్టీ చేసే ఖర్చుకు మాత్రం హద్దే లేదు. అటువంటి కరువులో ఎవరు కొద్దిగా ఇచ్చినా అది పెద్దగా కనపడుతుంది. అధికారంలో ఉన్నవారికి వందల కోట్లు ఇచ్చి కొనవలసినదానిని, లేనివారి దగ్గర పదుల కోట్లకే కొనవచ్చు. కరువులో భూమి చవకగా దొరికినట్టే ఇదీను.

బాండ్లు పుచ్చుకోనివారు లేరా? ఉన్నారు. కమ్యూనిస్టు పార్టీలు రెండూ బాండ్లు తీసుకోలేదు. బాండ్ల మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో మార్క్సిస్టు పార్టీ కూడా ఉన్నది. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటుకు సైకిలు మీద వెళ్లేవారని మన పెద్దలు కథలుగా చెప్పేవారు. ఆ పార్టీలకు 2023 తెలంగాణ ఎన్నికల్లో వచ్చిన స్థానాలు ఒకరికి ఒకటి, మరొకరికి సున్నా. పోరాడగలిగినవారు గెలవలేకపోవడం, గెలవగలిగినవారు పోరాడలేకపోవడం మన కాలపు సమస్య.

అయితే వారిని కూడా పూర్తిగా మినహాయించడానికి లేదు. జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని 2013 జూన్‌లో కేంద్ర సమాచార కమిషన్ చెప్పింది. కాంగ్రెసు, భారతీయ జనతా పార్టీ, రెండు కమ్యూనిస్టు పార్టీలు, మరి రెండు, మొత్తం ఆరు పార్టీలు. ఏ ఒక్కటీ ఆ ఉత్తర్వును పాటించలేదు. దేశంలో ఏ విషయం మీదా కుదరని ఐకమత్యం పద్దు పుస్తకం మూసిపెట్టడంలో కుదిరింది.

లాబీ చేసేవారు పేరు నమోదు చేసుకుని, ఎంత ఖర్చు పెట్టారో చెప్పాలని అమెరికాలో 1995లో చట్టం చేశారు. మనకటువంటిది లేదు. 2012 డిసెంబరులో వాల్‌మార్ట్ కంపెనీ భారత మార్కెట్ విషయమై కూడా లాబీ ఖర్చు పెట్టినదని మన పార్లమెంటు అట్టుడికిపోయింది. ఆ సంగతి మనకెలా తెలిసింది? అమెరికా ప్రభుత్వానికి ఆ కంపెనీ ఇచ్చుకున్న పద్దు చూసి! మన ఇంట్లో జరిగినదేమిటో పొరుగింటి చిట్టా చూసి తెలుసుకున్నాము. అంతకు కొద్ది రోజుల ముందే, చిల్లర వ్యాపారంలో విదేశీ పెట్టుబడి మీద డిసెంబరు 5న లోక్‌సభలో ఓటింగు జరిగితే, దానిని వ్యతిరేకిస్తూ ఉపన్యాసాలిచ్చిన రెండు పార్టీలు సమాజవాది, బహుజన సమాజ్ ఓటు సమయానికి లేచి బయటికి వెళ్లిపోయాయి. ప్రభుత్వం 253-218తో గెలిచింది. అక్కడ డబ్బు ఉన్నదని నేననడం లేదు. పోరాడుతున్నట్టు కనపడుతూ పోరాడకుండా ఉండడానికి వాకౌటు ఎంత చక్కని ఉపాయమో చూపడానికి చెప్పాను.

మనం చేయగలది

బాండ్లు పోయాయి కనుక బేరాలు పోయాయని సంతోషించడానికి లేదు. 2013 నాటి పథకం ప్రకారం ఏర్పడిన ఎలక్టొరల్ ట్రస్టులు ఉన్నాయి. కంపెనీలు అందులో వేస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. బాండుకూ దీనికీ ఒక్క పెద్ద తేడా ఉన్నది, ఇందులో పేర్లు తెలుస్తాయి. 20,000 రూపాయలు మించిన ప్రతి చందా ఎవరిచ్చారో పార్టీలు ఏటా ఎన్నికల సంఘానికి చెప్పాలి. ఆ నివేదికలను ఎవరైనా చూడవచ్చు. మన పిల్లల చేతుల్లో ఉన్న ఫోన్లలోనే చూడవచ్చు.

మనం ఇంతవరకు నాయకుడు ఏమి మాట్లాడాడో చూసి ఓటు వేస్తూ వచ్చాము. ఇకమీద ఏమి మాట్లాడలేదో కూడా చూడాలి. ఊళ్లోకి ప్రతిపక్ష నాయకుడు వచ్చినప్పుడు దండ వేయండి, టీ ఇవ్వండి, తప్పులేదు. ఆ తరువాత ఒక కాగితం తీసి, "అయ్యా, పోయిన సంవత్సరం మీ పార్టీకి చందా ఇచ్చిన మొదటి పదిమంది వీరు. వీరిలో ఎవరి పని మీదనైనా మీరు సభలో అడిగిన ప్రశ్న ఒక్కటి చెప్పండి" అని మర్యాదగా అడగండి. జవాబు చెప్పగలిగితే ఆయన మీ ఓటుకు తగినవాడు. నీళ్లు నమిలితే మీకు తెలియవలసినది తెలిసినట్టే.

మా సుల్తానాబాద్‌లో మళ్లీ కోతల రోజులు వస్తాయి, కాంటాలు దింపుతారు. ఫోటో దిగడానికి వచ్చే నాయకుణ్ణి నేను అడగదలచుకున్నది ఒక్కటే. మొదటివారం కాదు, మూడవవారం రమ్మంటాను. తరుగు తీసేది అప్పుడే కనుక.